వాడిన వస్తువుకు వెల, రేపటికి పూచీ: ఒక ధర్మవిచారం

ఒకరు వాడి వదిలిన సెల్‌ఫోనుకో, టీవీకో, ల్యాప్‌టాపుకో ఎంత వెల కట్టడం న్యాయమన్నది పైకి లెక్కల ప్రశ్నలా కనిపించినా, దాని వేరు ధర్మవిచారంలో ఉంది. బియ్యాన్ని నమిలి చూడవచ్చు, చీరను తడిమి చూడవచ్చు గాని, ఎలక్ట్రానిక్ వస్తువు లోపలి స్థితి కొనేవాడి కంటికి అందదు. అమ్మేవాడికి కొంత తెలుస్తుంది, కొంత అతనికీ తెలియదు. ఈ తెలియనితనం వల్ల కలిగే నష్టాన్ని ఎవరు మోయాలి? తెలిసినదాన్ని దాచి ఎక్కువ వెల తీసుకోవడం వ్యాపారంలో నేర్పా, దోషమా? రేపు చెడిపోతుందేమోనన్న భయానికి ఈనాడే రుసుము కట్టి పొడిగించిన వారంటీని, అంటే తయారీదారు ఇచ్చిన పూచీ గడువు ముగిశాక కూడా మరమ్మతు బాధ్యత కొనసాగేలా విడిగా డబ్బిచ్చి కొనే పూచీని, తీసుకోవడం వివేకమేనా? ఒకదానినుంచి ఒకటి పుట్టే ఈ మూడు ప్రశ్నలకూ ఒకే సూత్రం మీద సమాధానం చెప్పవచ్చునని, ఆ సూత్రానికి కావలసిన ఆధారాలు పాత వ్యవహార గ్రంథాల్లోనూ, నేటి తిరుపతి వేలాల్లోనూ దొరుకుతాయని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

తిరుపతి ప్రాంతంలో ఈ వస్తువుల జీవితం రెండు కొసలూ కనిపిస్తాయి. 2015లో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. రేణిగుంట పరిసరాల్లోని ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయాల్లో డిక్సన్ వంటి సంస్థలు టీవీలు తయారుచేస్తున్నాయి. అదే ప్రాంతంలో, కొండమీది శ్రీవారి హుండీలో భక్తులు వేసిన సెల్‌ఫోన్లూ చేతి గడియారాలూ పరకామణిలో, అంటే కానుకలను లెక్కించి వేరుచేసే చోట, నాణేలూ నగలనుంచి విడిపడి మార్కెటింగ్ విభాగానికి చేరి, కొంతకాలానికి ఈ-వేలానికి వస్తాయి. ఒంటిమీద ఉన్న విలువైన వస్తువులన్నిటినీ స్వామికి ఒలిచి ఇచ్చే నిలువుదోపిడి మొక్కు ఈ క్షేత్రంలో పాతదే గనుక, ఒకప్పుడు ఉంగరమూ మొలతాడూ పడిన చోట నేడు గడియారమూ ఫోనూ పడటంలో వింత లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఈ వస్తువులను లాట్లుగా, అంటే కలిపి అమ్మే కట్టలుగా, విభజించి, కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని స్థితిని తెలిపి, రాష్ట్ర ప్రభుత్వ ఈ-కొనుగోలు పోర్టల్ ద్వారా పాటదారులను పిలుస్తుంది.

ఈ అమ్మకంలో విక్రేత ఎవరన్న విషయమే ఒక తాత్విక సమస్య. భారతీయ న్యాయవ్యవస్థలో దేవతామూర్తి న్యాయపరమైన వ్యక్తి, అంటే ఆస్తి కలిగి ఉండటానికీ దావా వేయడానికీ అర్హత గల కర్త; 1925లో ప్రివీ కౌన్సిల్ కలకత్తాకు చెందిన ఒక కుటుంబ దేవత వ్యాజ్యంలో ఈ భావనను విస్పష్టంగా నిలబెట్టింది. దేవుని ఆస్తిని చూసేవారు ధర్మకర్తలు మాత్రమే గనుక వస్తువును చౌకగా వదులుకునే ఔదార్యం వారికి లేదు. రాగలిగినంత వెల రాబట్టడం వారి విధి. అయితే ఆ ఫోను ఎన్నేళ్లు వాడబడిందో, నీటిలో పడిందో, ఎన్నిసార్లు విప్పబడిందో వారికి తెలిసే మార్గం లేదు, ఎందుకంటే కానుక ఇచ్చినవాడు బిల్లు జతచేయడు, పేరు చెప్పడు. గరిష్ఠ వెల రాబట్టవలసిన విధి ఒకవైపు, వస్తువు చరిత్ర తెలియని స్థితి మరొకవైపు ఉన్న ఇలాంటి విక్రేతకు వేలంపాట తప్ప వేరే న్యాయమైన దారి లేదు. అక్కడ వెలను అమ్మేవాడు నిర్ణయించడు, పాటదారుల అంచనాల పోటీ నిర్ణయిస్తుంది. ఆ పోటీలోనూ ఒక ప్రమాదం ఉంది. అందరికన్నా ఎక్కువ పాడినవాడు తరచుగా అందరికన్నా ఎక్కువ పొరబడినవాడే కావచ్చునని, దీన్ని గెలుపే శాపమైన స్థితి అనవచ్చునని ఆర్థికశాస్త్రజ్ఞులు చెబుతారు. అందుకే అనుభవం గల పాటదారు లాట్‌లో కొన్ని పీసులు పూర్తిగా పనికిరావని ముందే లెక్కవేసుకుని, విడిభాగాల విలువ మీద పాట పెడతాడు.

వాడిన వస్తువు వెలకు ఒక క్రమాన్ని కట్టే ప్రయత్నం నారదస్మృతిలోనే ఉంది. వస్త్రం ఒకసారి ఉతికితే మూల్యంలో 8వ వంతు, రెండోసారికి 4వ వంతు, మూడోసారికి 3వ వంతు, నాలుగోసారికి సగం తరుగుతుందని, ఆపైన అంచులు చిరిగేదాకా క్రమంగా మరింత తగ్గుతుందని ఆ స్మృతి చెబుతుంది. నేటి గణకులు తరుగుదల అని పిలిచే లెక్కకు ఇది ప్రాచీన రూపం. ఆ పట్టిక చివర, పూర్తిగా శిథిలమైన దానికి తరుగుదల నియమమే లేదని స్మృతికారుడు ఒప్పుకోవడం మరింత గమనార్హం. నియమం పనిచేసే హద్దు ఎక్కడ ముగుస్తుందో అతనికి తెలుసు. ఎలక్ట్రానిక్ వస్తువు మొదటినుంచీ ఆ హద్దుకు అవతలే ఉంటుంది. దాని విలువ వాలులో జారినట్టు కాక, మెట్లు దిగినట్టు పడుతుంది: కొత్త మోడల్ విడుదలైన రోజు ఒక మెట్టు, తయారీ సంస్థ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆపిన రోజు ఇంకొకటి, విడిభాగాలు దొరకని రోజు మరొకటి. ఫోన్లలో వాడే లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందలసార్లు పూర్తిగా చార్జయ్యేసరికి మొదటి సామర్థ్యంలో గణనీయమైన భాగం కోల్పోతుంది గాని, ఆ నష్టం గాజు మీద గీతలా పైకి కనపడదు. మెరిసే ఫోను ముసలిదై ఉండవచ్చు, గీతలుపడ్డ ఫోను ఇంకా చాలాకాలం పనిచేయవచ్చు.

అందువల్ల సెకండ్ హ్యాండ్ బజారులో వెల వస్తువుకు ఎంత పడుతుందో, వస్తువును గురించిన సమాచారానికీ అంతే పడుతుంది. బిల్లు ఉందా, బాక్సు ఉందా, డిస్‌ప్లే మార్చారా, బ్యాటరీ హెల్త్ ఎంత చూపిస్తోంది అని దుకాణదారు వరసగా అడిగే ప్రశ్నల్లో మొదటి రెండూ వస్తువు పనితీరుకు సంబంధించినవే కావు. అవి అది దొంగసొత్తు కాదనడానికి, ఎప్పుడు కొన్నదో చెప్పడానికి సాక్ష్యాలు. కేంద్ర టెలికాం శాఖ 2023లో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోను ఐఎంఇఐ సంఖ్యను, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపును, పరీక్షించుకునే వీలు రావడంతో ఈ సాక్ష్యంలో కొంత భాగం ఎవరైనా స్వయంగా చూసుకోగలిగేది అయింది. పన్ను చట్టం కూడా పరోక్షంగా ఇదే చెబుతోంది: వాడిన వస్తువును కొని, దాని స్వభావం మార్చకుండా అమ్మే వ్యాపారి నిబంధనలకు లోబడి మొత్తం వెల మీద కాక, కొన్న వెలకూ అమ్మిన వెలకూ మధ్య తేడా మీదనే జీఎస్టీ కట్టే పద్ధతిని ఎంచుకోవచ్చు. ఆ తేడాలో ప్రధానాంశం వ్యాపారి పరీక్షా నైపుణ్యమే, అంటే అతని తెలివిడికి వచ్చిన కూలి.

సమాచారానికి వెల ఉన్నప్పుడు దాన్ని దాచడానికీ ప్రేరణ ఉంటుంది. అమెరికన్ ఆర్థికశాస్త్రజ్ఞుడు జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని రాసిన వ్యాసానికి, తరువాతి కృషికీ కలిపి 2001లో నోబెల్ పురస్కారాన్ని మరో ఇద్దరితో పంచుకున్నాడు. కొనేవాడు మంచి వస్తువునూ చెడ్డ వస్తువునూ వేరుచేయలేనప్పుడు అన్నిటికీ సగటు వెలే ఇస్తాడు. ఆ వెలకు మంచి వస్తువు గలవాడు అమ్మడు. మంచివి తప్పుకునేకొద్దీ సగటు ఇంకా పడిపోతుంది. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. ఈ వాదన నీతిబోధ కాకపోయినా దాని ఫలితం నీతి మీద పడుతుంది, ఎందుకంటే ఒక విక్రేత దాచిన దోషం ఒక్క కొనుగోలుదారునే కాక, ఆ బజారులోని నిజాయితీపరులందరినీ దండిస్తుంది.

ధర్మశాస్త్రాలు ఈ విషయంలో తటపటాయించలేదు. ఒకదానితో ఇంకొకటి కలిపిన సరుకును, సారంలేనిదాన్ని, తక్కువ తూగేదాన్ని, కంటికి కనపడకుండా కప్పినదాన్ని అమ్మరాదని మనువు నిషేధించాడు. నిర్దోషమైనదాన్ని చూపి సదోషమైనదాన్ని చేతబెట్టినవాడు మూల్యానికి రెట్టింపు ఇచ్చి, అంతే దండుగ కట్టాలని నారదుడు విధించాడు. మహాభారత శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి, జటల్లో పక్షులు గూడు కట్టుకునేంత నిశ్చలంగా నిలిచి, ధర్మాన్ని సాధించానని గర్వించినప్పుడు, కాశీలో సరుకులమ్మే తులాధారుడి దగ్గరకు వెళ్లమన్న మాట అతనికి వినపడుతుంది. సుగంధాలూ రసాలూ కొని అమ్మే ఆ వర్తకుడు తన త్రాసు సర్వభూతాలకూ సమమని, తన అమ్మకంలో కపటం లేదని చెబుతాడు. తపస్సుకన్నా తక్కెడ గొప్పదని ఈ కథ చెప్పడం లేదు. కపటం లేని క్రయవిక్రయం తపస్సుకు దిగువన ఉన్న లౌకిక వ్యవహారం మాత్రమే కాదని, అదీ ధర్మాన్ని అభ్యసించే స్థలమేనని చెబుతోంది.

పాశ్చాత్య తత్వంలో ఈ ప్రశ్న మీద నిజమైన వాదప్రతివాదం ఉంది. రోమన్ రచయిత సిసిరో తన కర్తవ్య గ్రంథం మూడో భాగంలో స్టోయిక్ తాత్వికులిద్దరి మధ్య భేదాన్ని వివరించాడు. చట్టం చెప్పమన్న దోషాలు చెబితే చాలునని, తక్కినవి చెప్పకపోవడం మోసం కాదని బాబిలోనియా డయోజినిస్ అన్నాడు. అమ్మేవాడికి తెలిసినదేదీ కొనేవాడికి తెలియకుండా ఉండరాదని అతని శిష్యుడు ఆంటిపేటర్ అన్నాడు. సిసిరో ఆంటిపేటర్ పక్షం వహించాడు. డయోజినిస్ వాదంలో కొంత బలం లేకపోలేదు: తన వస్తువు లోపాలను తానే చాటింపు వేయవలసివస్తే వ్యాపారమే సాగదు, కొనేవాడికీ కళ్లున్నాయి. కాని కొనేవాడి కంటికి అందే లోపానికి మాత్రమే ఆ వాదం సరిపోతుంది; మూత వెనుక తుప్పుపట్టిన సర్క్యూట్ బోర్డు విషయంలో కొనేవాడికి కళ్లుండటం వల్ల ప్రయోజనం లేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ కూడా ఈ గీతే గీసింది: వర్ణన మీద వ్యాపారి అమ్మిన సరుకు బజారులో చెల్లుబాటయ్యే నాణ్యత కలిగి ఉండాలి, అయితే కొనేవాడు పరీక్షించి ఉంటే ఆ పరీక్షలో బయటపడవలసిన లోపాలకు ఆ షరతు వర్తించదు.

ఈ కొలబద్దతో చూస్తే హుండీ ఫోన్ల వేలం నిర్దోషమైనది, ఎందుకంటే తెలిసిన మేరకు స్థితిని చెప్పడం జరుగుతోంది, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం జరగడం లేదు. కాని ఆ లాట్‌ను పాడుకున్న వ్యాపారి విప్పి, బాగుచేసి, విడివిడిగా అమ్మేటప్పుడు అతను అజ్ఞానం వెనుక నిలబడలేడు. విప్పిన క్షణంలో అతను తెలిసినవాడయ్యాడు. స్వామివారి హుండీలోనిదని చెప్పి అదనపు వెల అడగడం కూడా న్యాయం కాదు. స్వామికి అలంకరించిన వస్త్రాన్ని భక్తులు కొనేటప్పుడు ఆ సంబంధమే వారు కొనే వస్తువు. హుండీలో పడిన ఫోను సేవలో వినియోగమైనది కాదు, ద్రవ్యంగా సమర్పితమైనది. దాత సంకల్పం సమర్పణతో పూర్తయింది, దాని పుణ్యం బ్యాటరీతోపాటు చేతులు మారదు.

తెలియని దోషపు నష్టం ఎవరిదన్న మొదటి ప్రశ్న గడువుతోనూ ముడిపడి ఉంది. కొన్న తరువాత పశ్చాత్తాపపడి వస్తువును తిరిగి ఇవ్వడాన్ని స్మృతులు క్రీతానుశయం అన్నాయి. మనువు ఇందుకు 10 రోజులు ఇచ్చాడు. నారదుడు అదే రోజు చెడకుండా తిరిగి ఇస్తే పూర్తి వెల, రెండో రోజైతే 30వ వంతు కోత, మూడో రోజైతే దానికి రెట్టింపు కోత అని, ఆపైన వస్తువు కొన్నవాడిదేనని నిర్ణయించాడు. యాజ్ఞవల్క్యుడు వస్తువును బట్టి పరీక్షాకాలం చెప్పాడు: లోహానికి 1 రోజు, పాడిపశువుకు 3, బరువు లాగే పశువుకు 5, రత్నాలకు 7, విత్తనాలకు 10. అదే శ్లోకం దాసీదాసులకు కూడా గడువులు చెప్పడం ఆ కాలపు న్యాయదృష్టికి ఉన్న పెద్ద లోపాన్ని చూపుతుందన్నది దాచవలసిన విషయం కాదు. అయినా పట్టికలోని సూత్రం విలువైనది: గడువు అమ్మేవాడి దయ కాదు, దోషం తనంతట బయటపడటానికి ఆ వస్తువు స్వభావాన్ని బట్టి ఎంత కాలం కావాలో అంత. పాడి ఎక్కువగా ఉన్న చిత్తూరు జిల్లాలో, ఆవు ఎన్ని పాలిస్తుందో రెండు పూటలా పిండితేగాని తేలదని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. యాజ్ఞవల్క్యస్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు గనుక, ఈ వ్యవహార చింతన తెలుగువారికి పరాయిది కాదు. పాత ఫోన్ల దుకాణాలు కొన్ని రోజులకు ఇచ్చే చెకింగ్ వారంటీ ఆ పరీక్షాకాలానికి వారసురాలే.

పొడిగించిన వారంటీని గురించిన మూడో ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఎలక్ట్రానిక్ వస్తువులు చెడిపోయే తీరును ఇంజనీర్లు స్నానపు తొట్టె ఆకారపు రేఖగా గీస్తారు: తయారీలోపాల వల్ల మొదటి నెలల్లో ఎక్కువ, మధ్య సంవత్సరాల్లో చాలా తక్కువ, అరుగుదల వల్ల చివర మళ్లీ ఎక్కువ. తయారీదారు ఉచితంగా ఇచ్చే ఏడాది పూచీ మొదటి దశను కప్పుతుంది. పొడిగించిన వారంటీ సాధారణంగా ఆ తరువాతి ఏడాది రెండేళ్లకు, అంటే వస్తువు అతి తక్కువగా చెడిపోయే కాలానికి వర్తించి, చివరి దశ మొదలయ్యేలోపు ముగుస్తుంది. ఊహకు ఒక లెక్క తీసుకుంటే, 30,000 రూపాయల టీవీకి రెండేళ్ల అదనపు పూచీ 3,000 అనుకుందాం. ఆ కాలంలో 100 టీవీల్లో 10 చెడిపోయి, ఒక్కోదానికి 8,000 ఖర్చయితే, సగటు నష్టం 800 మాత్రమే. మిగిలిన 2,200 అమ్మకపు కమిషన్, నిర్వహణ, లాభం. పైగా పగిలిన తెర, తడిసిన బోర్డు, అరిగిన బ్యాటరీ వంటివి చాలా ఒప్పందాల్లో మినహాయింపుల కింద ఉంటాయి.

సగటు నష్టంకన్నా రుసుము ఎక్కువైనంత మాత్రాన బీమా అవివేకం కాదని గణితవేత్త డేనియల్ బెర్నూలీ 1738లోనే చూపాడు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పీటర్స్‌బర్గ్‌కు 10,000 రూబుళ్ల సరుకు పంపే వర్తకుడు, 100 ఓడల్లో 5 మునిగే ఆ దారిలో, 800 రూబుళ్ల బీమా కట్టాలా అని అడిగి, ఆ సరుకు కాక అతనికి 5,043 రూబుళ్లకు తక్కువ ఆస్తి ఉంటే కట్టాలని, ఎక్కువుంటే అక్కరలేదని లెక్కతేల్చాడు. నష్టం ఎంతన్నదానికన్నా, ఆ నష్టం ఎవరిని కూలదోస్తుందన్నదే కొలత. ఈ కొలతతో, మరమ్మతు ఖర్చును నెల జీతంలోంచి సర్దుకోగలిగిన కుటుంబానికి టీవీ మీద అదనపు పూచీ వృథా. ఒక్క ల్యాప్‌టాపు మీద జీవనం నడిపే జిరాక్స్ దుకాణదారుకు, అప్పుచేసి కొన్న యంత్రం ఆగితే ఆదాయమే ఆగిపోయే వారికి, మినహాయింపులు చదువుకున్న తరువాత, అది సమంజసం కావచ్చు.

బీమాను దైవం మీద విశ్వాసలోపంగా చూడటం కూడా సరికాదు. లేనిదాన్ని పొందడం యోగం, ఉన్నదాన్ని కాపాడుకోవడం క్షేమమని శంకరులు వివరించిన యోగక్షేమ భావాన్ని గీత తొమ్మిదో అధ్యాయంనుంచి 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థ తన ధ్యేయవాక్యంగా తీసుకుంది. కుటుంబ పోషకుడి మరణం వంటి విపత్తులో ఆ మాటకు గాంభీర్యం ఉంది. మిక్సీకీ ఇయర్‌ఫోనుకూ అదే గాంభీర్యం అంటగట్టినప్పుడు మాత్రం వ్యాపారం హద్దు దాటుతుంది. అభయం మన సంప్రదాయంలో దానంగా చెప్పబడినది. గంటసేపు వస్తువు గట్టిదనాన్ని పొగిడి, బిల్లు కట్టే చోట అది చెడిపోవచ్చునని చెప్పడం ముందు భయాన్ని సృష్టించి, తరువాత అభయాన్ని అమ్మడమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాడినదాన్ని కొత్తదిగా చూపడాన్ని, తగిన పరీక్ష లేకుండా వస్తువు మన్నికకు హామీ ఇవ్వడాన్ని అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొని, తయారీలోపానికి బాధ్యత ఎలాగూ విధించింది. చట్టం ఇచ్చిన ఆ హక్కునే విడిగా డబ్బు తీసుకుని మళ్లీ అమ్మడం న్యాయం కాదు.

పూచీ అంటే చివరికి ఒక మాట; దాని విలువ ఇచ్చినవాడి నిలకడలో ఉంటుంది. శ్రీనివాసుడు పెళ్లికి కుబేరుని వద్ద తెచ్చిన అప్పుకు కలియుగాంతం వరకు వడ్డీ కడుతున్నాడన్న నమ్మకంతోనే ఈ సీమ ప్రజలు ఆయనను వడ్డికాసులవాడని పిలుచుకుంటారు. యుగం పొడవునా మాట తప్పని రుణగ్రస్తుడిని దైవంగా కొలిచే చోట, రెండేళ్ల హామీపత్రంలో చిన్న అక్షరాల చాటున మాట తప్పే వ్యాపారానికి సమర్థన దొరకదు.

కాబట్టి మూడు ప్రశ్నలకూ సూత్రం ఒకటే: తెలిసిన దోషాన్ని చెప్పడం అమ్మేవాడి బాధ్యత, దానికి వెల లేదు, తెలియని దోషపు భారాన్ని మోయడం మాత్రమే వ్యాపారం, దానికే వెల ఉంది. పాత వస్తువు అమ్మేవారు విప్పిన భాగాలనూ మార్చిన భాగాలనూ బిల్లు మీద రాసి ఇవ్వాలి. ఏమీ తెలియకపోతే తెలియదనే రాసి, అంతమేరకు వెల తగ్గించాలి. కొనేవారు ఐఎంఇఐ చూసి, చెకింగ్ గడువును రాతపూర్వకంగా తీసుకుని, ఆ రోజుల్లోనే వస్తువును గట్టిగా వాడి పరీక్షించాలి. అదనపు వారంటీకి అడిగిన సొమ్మును ప్రతి కొనుగోలుకూ ఒక పక్కన దాచుకునే కుటుంబానికి కొన్నేళ్లలో సొంత మరమ్మతు నిధి ఏర్పడుతుంది; ఆ నిధికి మినహాయింపులుండవు, గడువూ ఉండదు.